మెర్‌క్రూజర్ 4.3: డ్రైవ్ ఊడదీశాక అలైన్‌మెంట్ బార్ కప్లర్‌లోకి దిగట్లేదు

కమ్మింగ్_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మనవాళ్ళలో బోట్లున్నవాళ్ళు ఇక్కడ కొంతమందైనా ఉంటారని అడుగుతున్నా.

మేం అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్‌లో ఉంటాం, లేక్ లేనియర్ పక్కనే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2002 మోడల్ బోరైడర్ (ముందు భాగంలో కూడా సీట్లుండే బోటు) ఉంది, 19 అడుగులది. ఇంజను మెర్‌క్రూజర్ 4.3 వీ6, వెనక ఆల్ఫా వన్ జెన్ 2 డ్రైవ్. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇది ఔట్‌బోర్డ్ కాదు. ఇంజను బోటు లోపల, వెనక సీటు కింద ఉంటుంది. ప్రొపెల్లర్ ఉన్న కాలు, అదే డ్రైవ్, మాత్రం వెనక గోడకి బయట ఉంటుంది. రెంటినీ కలిపేది ఆ గోడలోంచి వెళ్ళే పొట్టి షాఫ్టు.

చలికాలం కదా, బ్లాకులో నీళ్ళన్నీ తీసేశా. ఈసారి ఎలాగూ బెల్లోస్ (షాఫ్టుకి నీళ్ళు తగలకుండా కప్పే రబ్బరు తొడుగు) మార్చాలని డ్రైవ్ కూడా ఊడదీశా. గేరు ఫార్వర్డ్‌లో పెట్టి, డ్రైవ్‌ని పైకీ కిందకీ లేపే ట్రిమ్ సిలిండర్ల పిన్నులు తీసి, ఆరు నట్లు విప్పితే కాస్త మొండికేసినా వచ్చేసింది. బెల్లోస్ లోపల పొడిగానే ఉంది. కానీ షాఫ్టు కొసనుండే పళ్ళ (స్ప్లైన్ల) మీద గ్రీజు బూడిదరంగులోకి తిరిగిపోయింది. అది నాకు నచ్చలేదు.

ఎలాగూ విప్పాం కదా అని ఇంజనూ షాఫ్టూ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసే కడ్డీ, అలైన్‌మెంట్ బార్ అంటారు, ఆన్‌లైన్‌లో తెప్పించి దూర్చి చూశా. వెనక గోడ దగ్గర షాఫ్టుని మోసే జింబల్ బేరింగులోంచి బాగానే వెళ్తోంది, ఇంజను వెనక షాఫ్టు కొస దిగే కప్లర్ మూతి దగ్గర ఆగిపోతోంది. గట్టిగా నొక్కితే కాస్త దిగి బిగుసుకుపోతోంది. వీడియోల్లో చూస్తే వాళ్ళకి చేత్తో తోస్తే జారిపోతోంది. కొసకి గ్రీజు పూసి దూర్చి బయటికి తీస్తే ఒక పక్క స్ప్లైన్ల గుర్తులు లోతుగా పడ్డాయి, రెండో పక్క గ్రీజు పూసింది పూసినట్టే ఉంది.

నాకు అర్థంకానిది ఏంటంటే, పోయిన వసంతంలోనే ఒక షాపులో ఇంజను అలైన్‌మెంట్ చేయించా. బిల్లులో ఆ మాట స్పష్టంగా ఉంది. వేసవంతా బానే నడిచింది. సీజన్ చివర్లో మాత్రం స్టీరింగు ఎడమకి బాగా తిప్పినప్పుడు వెనకనుంచి గుర్రుమని ఒక శబ్దం మొదలైంది. తిన్నగా పోతే ఉండదు.

ఇంజనుని మోసే ముందు మౌంట్ల మీద పెద్ద నట్లు కనిపిస్తున్నాయి. వాటిని ఎంత తిప్పాలి? ఒక పక్కే తిప్పాలా, రెండు పక్కలా తిప్పాలా? బేరింగు కూడా మార్చాలా? ఇంకో షాపువాళ్ళని అడిగితే చూడకుండానే ఇంజను బయటికి తియ్యాలన్నారు. వాళ్ళు చెప్పిన రేటు బోటు విలువలో సగం దాటింది. మా ఆవిడ అప్పుడే మార్కెట్‌ప్లేస్‌లో పెట్టడానికి ఫొటోలు తీసేసింది.

డాలస్_డెక్కు:

బ్రో, లాక్ నట్టు వదులు చెయ్యి, దాని కింద ఉన్న నట్టు తిప్పుతూ పో. బార్ దిగేదాకా తిప్పు, దిగాక బిగించెయ్. నేను లేక్ లూయిస్‌విల్‌లో నా బోటుకి అలాగే చేశా. గంట పని. షాపులకి డబ్బులు పొయ్యకు. ఇంకో మాట, తర్వాతి బోటు ఔట్‌బోర్డ్ తీసుకో, ఈ గొడవే ఉండదు.

నీరజ_మినెసోటా:

నట్టు ముట్టుకునే ముందు ఒకటి చూడండి. జింబల్ బేరింగు తన గూట్లో కాస్త అటూ ఇటూ వాలగలదు. డ్రైవ్ తీసేటప్పుడు అది ఒక పక్కకి వాలిపోయి ఉంటుంది. అలా ఉన్నప్పుడు బార్ దూరిస్తే ఇంజను సరిగ్గా ఉన్నా సరే, కప్లర్ అంచుకి కొట్టుకుంటుంది. బార్ బేరింగులో ఉంచి, బయట ఉన్న కొసని రబ్బరు సుత్తితో పైన, కింద, రెండు పక్కలా మెల్లగా తట్టండి. తట్టాక మళ్ళీ చేత్తో తొయ్యండి. బార్ వెనక మాత్రం సుత్తి పెట్టి కొట్టకండి. అలా కొడితే దిగుతుంది, దిగింది కాబట్టి సరిగ్గా ఉందనుకుంటాం. మా ఆయన బోటు కొన్నప్పుడు అంతకుముందు ఓనరు చేసిన ఘనకార్యం అదే.

ఆన్‌లైన్‌లో దొరికే బార్లలో కొన్ని రెండు కొసలవి. ఒక కొస మెర్‌క్రూజర్‌కి, రెండోది వేరే కంపెనీ డ్రైవ్‌లకి. మీరు సరైన కొస పెట్టారా?

కమ్మింగ్_కుర్రాడు:

సరైన కొసే నీరజ గారూ, డబ్బా మీద బొమ్మ చూసి పెట్టా. మీరు చెప్పినట్టు తట్టి చూస్తే ఇంతకుముందు కంటే కొంచెం ఎక్కువ దిగింది. కానీ పూర్తిగా కాదు, చివర్లో మళ్ళీ బిగుస్తోంది. గుర్తులు ఇంకా ఒక పక్కే. డెక్కు బ్రో చెప్పినట్టు నట్టు తిప్పేదా?

హార్బర్_మేస్త్రి:

తమ్ముడూ, ముందు ఆ నట్టు మీద నుంచి చెయ్యి తియ్యి.

నేనిప్పుడు ఫ్లోరిడాలో ఒక బోటు యార్డులో పనిచేస్తున్నాను గాని, పని నేర్చింది విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో, మా మావయ్య దగ్గర. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. మెకానిక్కులకి ఊపిరాడని రోజులవి. బోట్లన్నీ ఒక్కసారే మరమ్మతుకి వస్తాయి. అశోక్ లేలాండ్ ఇంజను, దాని వెనక గేరుబాక్సు, అక్కణ్ణించి పొడుగాటి షాఫ్టు. అక్కడ అలైన్‌మెంట్ అంటే గేరుబాక్సు ఫ్లాంజికీ షాఫ్టు ఫ్లాంజికీ (కొసల్లో ఎదురెదురుగా ఉండే గుండ్రటి బిళ్ళలు) మధ్య ఫీలర్ గేజి, అంటే సందు కొలిచే పల్చటి రేకు, దూర్చి పైన, కింద, రెండు పక్కలా సందు కొలవడమే. ఫ్లాంజి వ్యాసం అంగుళానికి ఒక థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతు, అని వాడుక లెక్క. అయిదంగుళాల ఫ్లాంజికి అయిదు థౌ తేడా దాటిందంటే షాఫ్టు వణకడం మొదలెడుతుంది, షాఫ్టు పక్కనుంచి నీళ్ళు రాకుండా ఆపే గ్లాండు ప్యాకింగు నిలవదు. ఇంతా చేసి ఆ కొలత బోటు ఒడ్డున స్లిప్‌వే మీదుండగా తీస్తే చెల్లదు. నీళ్ళలోకి దిగాక బోటు వొంపు మారుతుంది. అందుకని మావయ్య బోటు దింపించి, డీజిలు నింపించి, మర్నాడు పొద్దున్న మళ్ళీ గేజి పెట్టేవాడు. బోటు నడిపే సరంగు జెట్టీ మీద నిలబడి ఎంత కేకలేసినా వినేవాడు కాదు.

నీ బోటుకి ఆ తంటా లేదు. ఇంజను లోపల, కాలు బయట ఉండే నీలాంటి ఏర్పాటుని స్టెర్న్‌డ్రైవ్ అంటారు. 1959లో వోల్వో పెంటా కంపెనీ ఆక్వామేటిక్ అని దాన్ని జనంలోకి తెచ్చింది, 1961లో మెర్‌క్రూజర్ వచ్చింది. పొడుగు షాఫ్టు లేదు, గ్లాండు లేదు, బోటు ట్రైలరు మీదుండగానే పనంతా అయిపోతుంది. అందుకే దీని అలైన్‌మెంట్‌ని చాలామంది అలుసుగా తీసుకుంటారు. మధ్యలో వంగే కీళ్ళు, అవే యూ-జాయింట్లు, ఉన్నాయి కదా, కాస్త తేడా ఉన్నా అవే సర్దుకుంటాయిలే అంటారు. సర్దుకోవు. యూ-జాయింట్లు ఉన్నది జింబల్ బేరింగుకి వెనక. నువ్వు స్టీరింగు తిప్పినా, డ్రైవ్ పైకెత్తినా వచ్చే కోణాన్ని అవి భరిస్తాయి. బేరింగుకి ముందు, కప్లర్‌లోకి దిగే ముక్క ఉంది చూడు, దానికి వంగే కీలేదీ లేదు. అది ఇంజనుతో ఒకే గీతలో ఉండాల్సిందే. లేకపోతే తిరిగిన ప్రతి చుట్టుకీ స్ప్లైన్లని రాస్తుంది. నీ బూడిదరంగు గ్రీజు అదే అయ్యుంటుంది. కప్లర్ మధ్యలో ఉన్నది అల్యూమినియం హబ్, షాఫ్టు ఉక్కు. ఏది అరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. వెనక మౌంట్లు రెండూ ఇన్నర్ ట్రాన్సమ్ ప్లేటుకి (బోటు వెనక గోడ, అదే ట్రాన్సమ్, లోపలి పలక) బిగించి ఉంటాయి, వాటికి సర్దుబాటే లేదు. ముందున్న రెండింటినే పైకీ కిందకీ జరపగలం. ముందు భాగం కుంగిందనుకో, వెనక కప్లర్ మూతి పైకి తిరుగుతుంది. ముందు భాగం లేచిందనుకో, మూతి కిందకి వాలుతుంది. అంతే, ఇందులో పెద్ద శాస్త్రం లేదు. గుర్తు ఒకే పక్క పడిందంటే ఆ వాలు తేడాగా ఉందని. నట్టు తిప్పితే సరవుతుంది, డాలస్ తమ్ముడు చెప్పింది అక్కడివరకు నిజమే.

కాని వసంతంలో సరిగ్గా కూర్చున్న ఇంజను ఇప్పుడెందుకు కూర్చోలేదు? లాక్ నట్టు బిగించి ఉంటే మౌంటు నట్టు తనంతట తాను తిరగదు. అంటే వేరే ఏదో కదిలింది. ఏది కదిలిందో తేల్చుకోకుండా నట్టు తిప్పడమంటే, ద్వారబంధం కుంగిపోతే తలుపు బందులు బిగించుకోవడమే. ఈ సీజన్ నడుస్తుంది, వచ్చే ఏడు మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతావు, అప్పటికి కప్లర్ కూడా పోయుంటుంది. కప్లర్ పళ్ళు పూర్తిగా పోతే లేక్ మధ్యలో ఇంజను అరుస్తుంది, బోటు కదలదు. అప్పుడు ఎవడు చేసినా ఇంజను బయటికి తియ్యాల్సిందే.

కదిలేవి ఏంటంటే, మౌంటులో రబ్బరు నలిగిపోవచ్చు. వెనక మౌంటు కింద ఉండాల్సిన ఫైబరు వాషరు, డబుల్ లాక్ వాషరు ఎవరో ఇంజను దించినప్పుడు మళ్ళీ పెట్టకుండా వదిలేసి ఉండొచ్చు. ఈ రెండూ చూసెయ్, టార్చిలైటు పని. నా అనుమానం మాత్రం వాటి మీద లేదు, స్ట్రింగర్ మీద, అంటే బోటు అడుగున పొడుగునా ఉండే దూలం మీద ఉంది.

ఆ కాలపు ఫైబర్‌గ్లాస్ బోట్లలో చాలావాటికి స్ట్రింగర్ అంటే పైన గ్లాసు పొర, లోపల చెక్క. ముందు మౌంటు ఆ స్ట్రింగర్ నెత్తి మీద కూర్చుంటుంది, దాన్ని పట్టే లావుపాటి లాగ్ స్క్రూలు చెక్కలోకి దిగుతాయి. ఆ కన్నాలకి సీలెంటు పెట్టకుండా బిగించిన బోట్లు నేను చూసినన్ని ఎవరూ చూసుండరు. బోటు అడుగున చేరిన బిల్జ్ నీళ్ళు చిమ్మినప్పుడల్లా స్క్రూ పక్కనుంచి కొంచెం కొంచెం దిగుతుంది. లోపల చెక్క నానుతుంది, కుళ్ళుతుంది. పైన గ్లాసు మాత్రం తళతళా ఉంటుంది, చూసినవాడికి అనుమానమే రాదు. ఇంజను బరువుకి, అలల కుదుపుకి మౌంటు మెల్లగా దిగబడుతుంది. మీ షాపువాళ్ళు వసంతంలో సరిగ్గానే చేసుండొచ్చు, వాళ్ళు చేసిన పని కింద నేల నిలవలేదేమో.

ఎలా తెలుస్తుందంటావా. ముందుగా బ్యాటరీ తీగలు విప్పు, ఇంజను గది మూత తీసి గాలి ఆడనివ్వు. పెట్రోలు వాసన పూర్తిగా పోయేదాకా అక్కడ డ్రిల్లు ఆన్ చెయ్యకు, ఇది మర్చిపోకు. ఒక స్పానరు తీసుకుని ప్రతి లాగ్ స్క్రూనీ బిగించే వైపు తిప్పి చూడు. బిగుసుకుంటూ ఆగితే చెక్క బతికే ఉంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే అది పట్టుకోవడానికి లోపలేమీ లేదన్నమాట. తర్వాత సుత్తి పిడితో స్ట్రింగర్ పొడుగునా తట్టుకుంటూ పో. గట్టి చెక్క కణేల్మంటుంది, కుళ్ళినచోట మూగగా పలుకుతుంది. తేడా నీ చెవికే తెలిసిపోతుంది, నీకెవరూ చెప్పక్కర్లేదు. అనుమానం ఉన్నచోట, మౌంటు పక్కనే సన్నటి బిట్టుతో పైనుంచి కన్నం పెట్టి బిట్టు మీద ఏమొచ్చిందో చూడు. లేతరంగు పొడి పొట్టు వస్తే సంతోషం. నల్లగా, తడిగా వస్తే దొంగ దొరికినట్టే. ఆ కన్నాలు తర్వాత ఎపాక్సీతో పూడ్చెయ్యాలి, వదిలేస్తే మళ్ళీ నీళ్ళకి దారి నువ్వే ఇచ్చినవాడివవుతావు.

ఇంకా రెండు చూడు. బేరింగు లోపలి రింగులో వేళ్ళు పెట్టి తిప్పు. నున్నగా తిరగాలి. గరగరమంటే, అక్కడక్కడా పట్టేస్తుంటే దాని ఆయుష్షు అయిపోయింది. ఎడమకి తిప్పితే గుర్రుమనే శబ్దం దీనిదే అయ్యుండొచ్చు, యూ-జాయింటుదీ అయ్యుండొచ్చు. షాఫ్టు చేత్తో పట్టుకుని జాయింట్లు నాలుగు వైపులా వంచితే ఎక్కడ పట్టేస్తోందో తెలుస్తుంది. తర్వాత టార్చి వేసి బేరింగులోంచి కప్లర్ పళ్ళు చూడు. పంటి నెత్తి చదునుగా ఉంటే భయం లేదు. అరిగి సూదిలా తేలితే అప్పుడు ఆ షాపువాడు చెప్పిందే ఖాయం, ఇంజను తియ్యాలి.

ఇవన్నీ చూసి రా. నట్టు సంగతి ఆఖర్న మాట్లాడదాం.

డాలస్_డెక్కు:

మేస్త్రి గారూ, మీ మాట చదివాక నా బోటు ఇంజను గదిలో దూరి లాగ్ స్క్రూలు తిప్పి చూసుకున్నా. గట్టిగానే ఉన్నాయి. రాత్రి నిద్ర పట్టేలా చేశారు, థాంక్స్.

కమ్మింగ్_కుర్రాడు:

మేస్త్రన్నా, దొంగ దొరికాడు.

కుడి మౌంటు స్క్రూలు కదల్లేదు, బిగిసి ఉన్నాయి. ఎడమ మౌంటువి మాత్రం స్పానరు పెట్టగానే గిరగిరా తిరిగాయి. ఒకదాన్ని వేళ్ళతో పైకి లాగితే వచ్చేసింది! దాని మర చుట్ల నిండా నల్లటి ముద్ద, పుట్టగొడుగు వాసన. మౌంటు పాదం చుట్టూ గ్లాసులో వెంట్రుకంత పగుళ్ళు ఉన్నాయి. దుమ్ము తుడిచాక కనిపించాయి. పాదం ఒక అంచు గ్లాసులోకి దిగబడింది, గోరు పెడితే మెట్టులా తగులుతోంది. కన్నం పెట్టి చూస్తే బిట్టు కొస తడిసింది. ముందుకి జరుపుకుంటూ ఇంకో రెండు చోట్ల చూశా. మౌంటు నుంచి సుమారు అడుగు దూరంలో పొడి పొట్టు వచ్చింది. వెనక్కి, ట్రాన్సమ్ వైపు, సుత్తి పిడికి గట్టిగానే పలికింది, అక్కడ కన్నం పెట్టలేదు.

వెనక మౌంట్ల వాషర్లు ఉన్నాయి. కప్లర్ పళ్ళు చదునుగానే కనిపిస్తున్నాయి. బేరింగు మాత్రం గరగర. యూ-జాయింట్లు నున్నగా వంగుతున్నాయి.

ఇప్పుడు ఇంజను తియ్యకుండా ఏమన్నా దారి ఉందా? లేకపోతే మా ఆవిడ ఫొటోలే వాడుకోవాలి. ఆ వసంతపు షాపుకి వెళ్ళి గొడవ పెట్టుకోవచ్చా?

హార్బర్_మేస్త్రి:

గొడవ వల్ల పైసా రాదు. వాళ్ళని అలైన్‌మెంట్ చెయ్యమన్నావు, స్ట్రింగర్ చూడమని అనలేదు. మంచి మెకానిక్కయితే స్పానరు పెట్టి చూసేవాడే, అది వేరే సంగతి.

కప్లర్ బాగుంది కాబట్టి నీ అదృష్టం సగం మిగిలింది. వెనక్కి కూడా ఒక కన్నం పెట్టి చూడు, చెవిని పూర్తిగా నమ్మకు. అటు కూడా తడి ఉంటే ఇంజను తియ్యకుండా చెయ్యలేవు, అంతటితో ఆగిపో. పొడిగా వస్తే, కుళ్ళు ఆ అడుగు మేరకే ఉంటే, ఇంజను ముందు భాగాన్ని కాస్త పైకెత్తి పట్టుకుని అక్కడికక్కడ చేసుకోవచ్చు. కష్టమే గాని అసాధ్యం కాదు.

మొట్టమొదట కొలతలు. కుడి మౌంటు ఇంకా సరైన ఎత్తులోనే ఉంది కాబట్టి దాన్ని కదపకు. స్ట్రింగర్ నెత్తి నుంచి మౌంటు బ్రాకెట్‌కి ఎంత ఎత్తుందో కొలిచి రాసుకో. ఎడమది ఎంత దిగిందో ఆ తేడాతో తెలిసిపోతుంది. అక్కడ మళ్ళీ ఎంత ఎత్తు కట్టాలో కూడా అదే చెప్తుంది. రెండు పక్కలా ఫొటోలు తీసుకో, స్కేలు పక్కన పెట్టి.

ఇంజను బరువు ముందు లిఫ్టింగ్ రింగు నుంచి పట్టుకోవాలి. ట్రైలరు మీదున్న బోటుకి మామూలు గ్యారేజి హోయిస్టు చెయ్యి అందకపోవచ్చు, బోటు మీదుగా అడ్డంగా నిలిపే గ్యాంట్రీ అద్దెకి తెచ్చుకో. మౌంటు మీద బరువు పోయేంత ఎత్తితే చాలు, ఇంకా ఎత్తితే వెనక మౌంట్లు మెలిపడతాయి. అలా వేలాడుతున్నప్పుడు దాని కింద చెయ్యి పెట్టే ముందు చెక్కముక్కలు అడ్డం పేర్చు. గొలుసుని నమ్మి చెయ్యి పెట్టినవాళ్ళ వేళ్ళు నేను చూశాను.

మౌంటు తీసేశాక స్ట్రింగర్ నెత్తి మీది గ్లాసు కోసి పక్కన దాచుకో, తర్వాత మూతగా పనికొస్తుంది. లోపల మెత్తటి చెక్కంతా ఉలితో గోకి తీసెయ్, గట్టి చెక్క తగిలాక ఇంకో రెండు మూడు అంగుళాలు కూడా తీసెయ్. కళ్ళద్దాలు, మాస్కు లేకుండా గ్లాసు కొయ్యకు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది, ఒంటి మీద దురదా వదలదు. తర్వాత ఎండబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. తడి చెక్క మీద ఎపాక్సీ పోస్తే అది చెక్కని కాదు, నీళ్ళని పట్టుకుంటుంది. హీటరు, ఫ్యాను పెట్టి నిజంగా ఆరేదాకా ఆగు. ఆరాక కొత్త మెరైన్ ప్లైవుడ్ ముక్కలు కొలతకి కోసి, ఎపాక్సీలో ముంచి పొరలు పొరలుగా కూర్చోబెట్టు. మూత పెట్టి పైన, రెండు పక్కలా గ్లాసు గుడ్డతో కప్పు. కొత్త గ్లాసు పాత గ్లాసు మీదకి బాగా పాకాలి. పాలిస్టర్ రెజిన్ చవక, కానీ పాత గ్లాసుకి ఎపాక్సీ పట్టినంత గట్టిగా పట్టదు. ఇక్కడ పిసినారితనం వద్దు.

లాగ్ స్క్రూలకి కన్నాలు పెట్టాక వాటి గోడలకి ఎపాక్సీ పూసి ఆరనివ్వు, బిగించేటప్పుడు మెరైన్ సీలెంటు పెట్టు. మొదట ఈ పని చేసుంటే ఈ కథంతా ఉండేది కాదు. కుడి పక్కవి కూడా ఒక్కొక్కటే విప్పి సీలెంటు పెట్టి బిగించు, రెండూ ఒకేసారి తియ్యకు.

నీరజ_మినెసోటా:

చలి సంగతి ఒకటి చెప్తా. చాలా ఎపాక్సీలు 50 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు సరిగ్గా గట్టిపడవు. మా ఊళ్ళో అయితే ఏప్రిల్ దాకా మర్చిపోవడమే. మీకు జార్జియాలో పగలు పర్వాలేదు గానీ రాత్రి పడిపోతుంది కదా. చలికి పనికొచ్చే గట్టిపడే ద్రావణం విడిగా దొరుకుతుంది, డబ్బా మీద ఉష్ణోగ్రత రాసి ఉంటుంది, అది చూసి కొనండి. బోటు మీద టార్పాలిన్ కప్పి లోపల చిన్న హీటరు పెట్టుకోవచ్చు, ఇంధన వాసన లేకుండా చూసుకుని. నిప్పు కనిపించే హీటరు మాత్రం వద్దే వద్దు.

కమ్మింగ్_కుర్రాడు:

వెనక్కి కన్నం పెట్టా, పొడి పొట్టే వచ్చింది. హమ్మయ్య. గ్యాంట్రీ వచ్చే వారాంతానికి మాట్లాడా. మా ఆవిడకి లోపల చెక్క చూపిస్తే ఫొటోలు డిలీట్ చేసింది, కుళ్ళు ఉందని తెలిశాక అమ్మడం మోసం అంది.

అన్నా, స్ట్రింగర్ గట్టిపడ్డాక నట్టు ఎలా తిప్పాలో ఇప్పుడైనా చెప్పు.

హార్బర్_మేస్త్రి:

ఇప్పుడు చెప్తాను. బేరింగు ముందు మార్చెయ్, పాత బేరింగుతో అలైన్‌మెంట్ చేసి తర్వాత కొత్తది వేస్తే పని రెండుసార్లవుతుంది. పాతది లాగడానికి స్లైడ్ హ్యామర్ ఉన్న పుల్లరు కావాలి, ఆటో పార్టుల షాపుల్లో అద్దెకిస్తారు. గ్రీజు కొట్టే రకమైతే కొత్త బేరింగు మీది గ్రీజు కన్నం హౌసింగు కన్నానికి ఎదురుగా రావాలి. సీల్డ్ రకం తీసుకుంటే ఆ గొడవ లేదు.

ఇంజను బరువంతా మౌంట్ల మీదకి వదిలాక, గ్యాంట్రీ గొలుసు పూర్తిగా వదులైందని చూసుకున్నాక మొదలుపెట్టు. ఎడమ మౌంటుని కుడిదాని ఎత్తుకి తీసుకురా. నీరజమ్మ చెప్పినట్టు బేరింగుని బార్‌తో తట్టి తిన్నగా చెయ్యి. కప్లర్ లోపల, బార్ కొస మీద పాత గ్రీజంతా తుడిచి, బార్ కొసకి పల్చగా, సమానంగా గ్రీజు పూసి, తిప్పకుండా తిన్నగా తోసి తిన్నగా లాగు. చుట్టూ ఒకేలా సన్నటి గీతలు పడాలి. ఒక పక్కే పడితే రెండు ముందు నట్లనీ ఒకే కొలతలో, పావు చుట్టు తిప్పు. ఒకటి తిప్పి ఒకటి వదిలేస్తే ఇంజను ఒరుగుతుంది. మళ్ళీ తుడిచి, పూసి, తోసి చూడు. గుర్తు పల్చబడితే దారి సరైనదే. ఇంకా లోతుగా పడితే ఎదురు తిప్పుతున్నావన్నమాట, వెనక్కి రా.

బాగా వచ్చిందనుకున్నాక ఇంజనుని స్పానరుతో దాని మామూలు దిశలో పావు చుట్టు తిప్పి మళ్ళీ బార్ దూర్చు. అక్కడా బాగుంటే లాక్ నట్లు బిగించు. బిగించాక ఇంకోసారి బార్ పెట్టు. లాక్ నట్టు బిగిస్తుంటే కింది నట్టు కూడా వెంట తిరగడం మామూలే, మా యార్డులో కొత్త కుర్రాళ్ళకి రోజూ ఇదే చెప్తుంటాను.

షాఫ్టు కొస స్ప్లైన్లకి మామూలు గ్రీజు కాదు, కప్లర్ స్ప్లైన్ గ్రీజని విడిగా దొరుకుతుంది, అది పెట్టు. షాఫ్టు మీద ఓ-రింగులు కొత్తవి వెయ్యి, గ్యాస్కెట్టు కొత్తది వెయ్యి. డ్రైవ్ ఎక్కించేటప్పుడు కూడా గేరు ఫార్వర్డ్‌లోనే ఉండాలి. ఆ డ్రైవ్ నూరు పౌన్లు దాటుతుంది, ఒక్కడివే భుజం మీద మొయ్యకు, జాకీ బల్ల మీద పెట్టి జరుపు. అలైన్‌మెంట్ కుదిరితే ప్రొపెల్లరుని చేత్తో మెల్లగా తిప్పగానే స్ప్లైన్లు కలిసి తనే లోపలికి పోతుంది. నట్లతో లాగాల్సి వచ్చిందంటే ఆపి వెనక్కి తియ్యి. ఆరు నట్లూ ఎదురెదురుగా, టార్క్ రెంచితో 50 అడుగు-పౌన్లకి బిగించు.

కమ్మింగ్_కుర్రాడు:

అన్నీ రాసుకున్నా అన్నా. చివరగా ఒక్కటి. ఆ లాగ్ స్క్రూలు తుప్పు పట్టాయి, కొత్తవి కొనాలి. కాస్త పొడుగువి వేస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి కదా?

హార్బర్_మేస్త్రి:

వద్దు. పాతది జేబులో వేసుకెళ్ళి పక్కన పెట్టి అదే లావు, అదే పొడుగు కొను. నీ స్ట్రింగర్ ఎంత లోతుందో నీకు తెలీదు. పొడుగైతే చెక్క దాటి హల్లుకి, అంటే బోటు అడుగు తొడుగుకి, తగులుతుంది, కన్నం అడుక్కి పడుతుంది.